శవచ్ఛేదన బల్ల, బోధనభాష: భారతదేశంలో శరీరశాస్త్ర తొలి పాఠాలు (1822–1856)

వ్యాససంగ్రహం

వైద్యకళాశాలలో చేరిన విద్యార్థి మొట్టమొదట చదివేవి శరీరనిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం. మన దేశంలో ఈ తొలి పాఠం చరిత్రను 1836లో కలకత్తాలో పండిత మధుసూదన గుప్త చేసిన శవచ్ఛేదనతో మొదలుపెట్టడం పరిపాటి. ఆ ఘటనను మూఢాచారంపై విజ్ఞానం సాధించిన గెలుపుగా మాత్రమే చెప్పడం వల్ల దానితో ముడిపడిన మరో రెండు ప్రశ్నలు మరుగున పడ్డాయి. పాఠం ఏ భాషలో చెప్పాలి అన్నది మొదటిది. బల్లపై ఎవరి దేహం ఉండాలి అన్నది రెండవది. ఈ రెండు ప్రశ్నల వెలుగులో ఆనాటి పరిణామాలను పరిశీలించి, తెలుగు శరీరశాస్త్ర పరిభాషకు వాటితో గల సంబంధాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శరీరనిర్మాణశాస్త్రం, మధుసూదన గుప్త, కలకత్తా వైద్యకళాశాల, బోధనభాష, పరిభాష, హైదరాబాదు వైద్యపాఠశాల.

1. ఉపోద్ఘాతం

ఐరోపాలో మధ్యయుగపు శరీరశాస్త్ర పాఠాన్ని చిత్రించిన బొమ్మల్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. ఆచార్యుడు ఎత్తైన పీఠంపై కూర్చుని లాటిన్ గ్రంథం చదువుతుంటాడు. కింద బల్ల దగ్గర క్షురకుడు శవాన్ని కోస్తుంటాడు. చదివేవాడు కోయడు, కోసేవాడు చదవడు. 1543లో తన మహాగ్రంథాన్ని ప్రచురించిన వెసేలియస్ ఈ విభజనను కాదన్నాడు. ఆచార్యుడే పీఠం దిగి కత్తి పట్టాలన్నాడు. మాటకూ చేతికీ మధ్య ఉన్న ఈ దూరం ఐరోపాకే పరిమితమైనది కాదు. మన దేశంలో అది మరో రూపంలో ఉండేది. దాన్ని తొలగించే ప్రయత్నంలోనే కొత్త దూరమొకటి ఏర్పడింది.

2. సుశ్రుతుని పద్ధతి: గ్రంథంలో మిగిలిన ప్రత్యక్షం

సుశ్రుతసంహిత శారీరస్థానం ఐదవ అధ్యాయంలో శవపరిశీలన విధానం ఉంది. అవయవలోపం లేని, దీర్ఘవ్యాధితో మరణించని దేహాన్ని ఎన్నుకోవాలి. ముంజగడ్డి వంటి వాటితో చుట్టి, పంజరంలో ఉంచి, ప్రవహించే నీటిలో మరుగైన చోట నిలపాలి. ఏడు రాత్రుల తరువాత బాగా నానిన దేహాన్ని వెలికితీసి, వట్టివేరు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి అంగాలన్నింటినీ కంటితో చూడాలి. శాస్త్రంలో విన్నదాన్ని కంటితో చూసినప్పుడే జ్ఞానం వృద్ధి చెందుతుందని ఆ గ్రంథం అభిప్రాయం.

సంహిత ఇచ్చిన లెక్కలు కూడా గమనార్హం. శల్యతంత్రం ప్రకారం అస్థులు 300, సంధులు 210, స్నాయువులు 900, పేశులు 500, సిరలు 700, ధమనులు 24, కండరలు 16, మర్మాలు 107. నేటి లెక్కలో వయోజనుని ఎముకలు 206. దంతాలనూ మృదులాస్థులనూ కలిపి లెక్కించడం ఈ తేడాకు ఒక కారణం. 1907లో హోర్న్‌లీ ప్రాచీన భారతీయ అస్థిశాస్త్రంపై రాసిన గ్రంథం ఈ లెక్కలను విపులంగా చర్చించింది.

ఇంతటి ప్రత్యక్షదృష్టి ఉన్న సంప్రదాయంలో కాలక్రమేణా శవస్పర్శ అశౌచమన్న భావన బలపడింది. లెక్కలు కంఠస్థమై నిలిచాయి. కుంచె మాత్రం చేతి నుంచి జారిపోయింది.

3. 1822–1835: దేశభాషల్లో సాగిన బోధన

ఈస్టిండియా కంపెనీ సైనిక, పౌర వైద్యశాలలకు సహాయకులు కావలసి వచ్చి 1822లో కలకత్తాలో దేశీయ వైద్య సంస్థను ప్రారంభించింది. అక్కడ బోధన దేశభాషల్లో జరిగేది. 1820ల రెండవ భాగంలో సంస్కృత కళాశాలలోనూ కలకత్తా మదరసాలోనూ వైద్యతరగతులు వెలిశాయి. ఒకచోట ఆయుర్వేదంతోనూ, మరొకచోట యూనానీతోనూ పాశ్చాత్య శరీరశాస్త్రాన్ని జోడించి చెప్పేవారు. మానవశవాలకు బదులు జంతుకళేబరాలూ నమూనాలూ బోధనకు ఆధారం.

ఈ కాలంలో జరిగిన పరిభాషాకృషి సామాన్యమైనది కాదు. సంస్థ పర్యవేక్షకుడు పీటర్ బ్రెటన్ 1825లో శరీరభాగాల పేర్లను ఇంగ్లీషు, అరబ్బీ, పారశీకం, హిందీ, సంస్కృతం అనే ఐదు భాషల్లో పక్కపక్కన పేర్చి పదకోశం వెలువరించాడు. ఆయన తరువాత వచ్చిన జాన్ టైట్లర్ హూపర్ రాసిన ఇంగ్లీషు శరీరశాస్త్ర గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. అదే గ్రంథాన్ని ‘శారీరవిద్య’ పేరిట సంస్కృతంలోకి అనువదించినవాడు సంస్కృత కళాశాల వైద్యతరగతి బోధకుడు మధుసూదన గుప్త. కనుక చరిత్రలో శవచ్ఛేదకుడిగా నిలిచిన ఆయన ప్రధానంగా అనువాదకుడు. కత్తి పట్టకముందే, కత్తి చూపబోయే ప్రతి భాగానికీ తన భాషలో పేరు వెదికినవాడు.

4. 1835 నాటి తీర్పు

బోధన ఏ భాషలో ఉండాలన్న వివాదంపై గవర్నర్ జనరల్ బెంటింక్ 1833లో ఒక సంఘాన్ని నియమించాడు. టైట్లర్ దేశభాషల పక్షాన వాదించాడు. కొత్త భాష నేర్చి, ఆపైన ఆ భాషలో కొత్త శాస్త్రం నేర్వడం విద్యార్థికి రెట్టింపు భారమని ఆయన వాదసారాంశం. అలెగ్జాండర్ డఫ్ వంటివారు ఇంగ్లీషే తగినదన్నారు. సంఘం ఇంగ్లీషు వైపే మొగ్గింది. 1835 జనవరి 28న వెలువడిన ఉత్తర్వు దేశీయ వైద్య సంస్థనూ, సంస్కృత కళాశాల, మదరసాలలోని వైద్యతరగతులనూ రద్దు చేసి కలకత్తా వైద్యకళాశాలను నెలకొల్పింది.

ఈ తేదీని ప్రత్యేకంగా గమనించాలి. భారతీయ విద్యలో ఇంగ్లీషు ప్రాబల్యానికి మూలంగా మెకాలే నివేదికను పేర్కొంటాము. అది వెలువడింది 1835 ఫిబ్రవరి 2న. అంటే మెకాలే కన్నా ఐదు రోజుల ముందే శరీరశాస్త్రం విషయంలో తీర్పు వెలువడిపోయింది. వైద్యవిద్య భాషావివాదానికి అనుబంధం కాదు. ఆ వివాదం మొదట పరిష్కరింపబడిన రంగాలలో అదొకటి.

కొత్త కళాశాలలో కులమతభేదం లేకుండా 14 నుంచి 20 ఏళ్ల వయసుగల వారిని చేర్చుకోవాలని నిబంధన. ఇంగ్లీషుతో పాటు బెంగాలీ గాని హిందుస్తానీ గాని చదవగలిగి ఉండాలి. ఎం. జె. బ్రామ్లీ తొలి అధిపతి. హెచ్. హెచ్. గుడీవ్ శరీరశాస్త్ర ఆచార్యుడు. తన తరగతి రద్దయిన మధుసూదన గుప్త ఇక్కడ దేశీయ సహాయబోధకుడయ్యాడు. బోధకుడిగా ఉంటూనే చదివి, 1840లో పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు.

5. 1836: రెండు తేదీలు, ఒక జ్ఞాపకం

తొలి శవచ్ఛేదన తేదీ విషయంలో చరిత్రరచనలో ఏకాభిప్రాయం లేదు. కొందరు 1836 జనవరి 10 అనీ, మరికొందరు అదే ఏడాది అక్టోబరు 28 అనీ చెబుతారు. ఉమాచరణ సేఠ్, రాజకృష్ణ దే, ద్వారకానాథ గుప్త, నవీనచంద్ర మిత్ర అనే నలుగురు విద్యార్థుల పేర్లు కూడా ఈ సందర్భంలో వినవస్తాయి. గురువు తాను కోసి చూపడం ఒక ఘట్టం, విద్యార్థులు తమ చేతులతో కోయడం మరో ఘట్టం. ఈ రెండు తేదీలను పరస్పర విరుద్ధాలుగా గాక, ఈ రెండు ఘట్టాల జ్ఞాపకాలుగా పరిశీలించడం సమంజసమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విద్యాచరిత్ర దృష్టితో చూస్తే రెండవ ఘట్టమే కీలకం. పాఠం పూర్తయ్యేది గురువు చేసినప్పుడు కాదు, శిష్యుడు చేసినప్పుడు.

ఆ రోజున ఫోర్ట్ విలియం కోటలో ఫిరంగులు మోగించారన్న కథ బహుళప్రచారంలో ఉంది. దాన్ని తిరుగులేని సాక్ష్యంగా గాక, సమాజం ఆ ఘటనకు ఇచ్చుకున్న విలువకు గుర్తుగా స్వీకరించడమే మేలు. కళాశాల నమోదుల్లో కనిపించే అంకెలు కథకన్నా బలమైన మాట చెబుతాయి. 1837లో విద్యార్థుల సమక్షంలో ఛేదించిన శవాలు 60. మరుసటి ఏడాది ఆ సంఖ్య రెట్టింపైంది. 1844 నాటికి 500 దాటింది. నిషేధం ఒక్కరోజులో తొలగిందన్నది కథ. ఏడెనిమిదేళ్ళలో అది నిత్యకృత్యమైందన్నది చరిత్ర.

6. బల్లపై ఎవరి దేహం?

ఇన్ని దేహాలు ఎక్కడివి అన్న ప్రశ్న వేసుకోక తప్పదు. బ్రిటనులో ఈ ప్రశ్నకు క్రూరమైన పూర్వరంగం ఉంది. 1828లో ఎడింబరో నగరంలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారు మందిని చంపి, ఆ శవాలను శరీరశాస్త్ర బోధకుడికి అమ్మారు. ఆ సంచలనం దరిమిలా వచ్చిన 1832 చట్టం, ఎవరూ అడగని అనాథశవాలను బోధనకు వినియోగించే వీలు కల్పించింది. ఆచరణలో అవి పేదల ఆశ్రమాలలోనూ ఆసుపత్రులలోనూ మరణించినవారి దేహాలు. భారతదేశంలోనూ బోధనకు దొరికినవి ఆసుపత్రులలో దిక్కులేక మరణించినవారి దేహాలే. బొంబాయి రాష్ట్రం 1949లో శరీరశాస్త్ర చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలు కూడా అటువంటి చట్టాలు తెచ్చుకున్నాయి.

మధుసూదన గుప్త చిత్రపటం కళాశాల గోడకెక్కింది. నలుగురు విద్యార్థుల పేర్లు గ్రంథాలకెక్కాయి. బల్లపై ఉన్న మనిషి పేరు ఎక్కడా లేదు. తరువాతి కాలంలో స్వచ్ఛంద దేహదానం ఈ అసమానతను కొంత సవరించింది. 2010లో మరణించిన పశ్చిమ బెంగాల్ మాజీ ముఖ్యమంత్రి జ్యోతి బసు దేహాన్ని ఆయన కోరిక మేరకు వైద్యవిద్యకు అప్పగించారు. దిక్కులేనివారి దేహాలతో మొదలైన పాఠం, అదే నగరంలో, ఇష్టపూర్వకంగా ఇచ్చిన దేహం వరకు వచ్చింది.

7. దేశభాషల పునఃప్రవేశం

1835 తీర్పు భాషావివాదాన్ని ముగించలేకపోయింది. ఇంగ్లీషులో శిక్షణ పొందిన కొద్దిమందితో అవసరం తీరలేదు. 1839లో కలకత్తా కళాశాలలోనే హిందుస్తానీ తరగతి, 1850ల తొలినాళ్ళలో బెంగాలీ తరగతి ప్రారంభమయ్యాయి. బెంగాలీ తరగతి బాధ్యత మధుసూదన గుప్తకే దక్కింది. ఆయన లండన్ ఔషధకోశాన్ని బెంగాలీలోకి అనువదించాడు. శరీరశాస్త్రంపై బెంగాలీ గ్రంథం కూడా ప్రచురించాడు. 1856లో మరణించేనాటికి ఆయన బయలుదేరిన చోటికే, అంటే అనువాదానికే, తిరిగివచ్చాడు. అయితే ఈసారి ఆ అనువాదం వెనుక ప్రత్యక్షానుభవం ఉంది.

తెలుగునేలపై ఈ కథ రెండు పాయలుగా నడిచింది. మద్రాసులో 1835 ఫిబ్రవరిలోనే వైద్యపాఠశాల ఏర్పడి 1850లో కళాశాల అయింది. అక్కడ బోధన ఇంగ్లీషులో సాగింది. హైదరాబాదులో 1846లో నిజాం ప్రభుత్వం రెసిడెన్సీ వైద్యుడు విలియం క్యాంబెల్ మెక్లీన్ పర్యవేక్షణలో వైద్యపాఠశాల స్థాపించింది. పాశ్చాత్య వైద్యాన్ని అక్కడ ఉర్దూలో బోధించారు. 1855లో జార్జ్ స్మిత్ ఉర్దూలో వైద్యపత్రిక కూడా ప్రారంభించాడు. 1880ల మధ్యకాలంలో బోధన ఇంగ్లీషుకు మారేవరకు అక్కడ దేశభాషలో శరీరశాస్త్రం సాధ్యమేనని దాదాపు నాలుగు దశాబ్దాలు నిరూపితమైంది.

కోస్తా ఆంధ్రకు 1923లో విశాఖపట్టణంలో వైద్యకళాశాల వచ్చింది. ఆ దశాబ్దపు ప్రారంభంలోనే మద్రాసులో, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో, యెల్లాప్రగడ సుబ్బారావు శరీరశాస్త్రం బోధించారు. ఆయుర్వేద విద్యార్థులకు ఆధునిక శరీరశాస్త్రం చెప్పిన సుబ్బారావు, తనకు తెలిసినా తెలియకపోయినా, మధుసూదన గుప్త నడిచిన బాటలోనే కొంతదూరం నడిచారు.

8. తెలుగు పరిభాష: ‘నరం’ అనే ఒక్క మాట

పరిభాష సమస్య ఎంత లోతైనదో చెప్పడానికి ‘నరం’ అనే మాట చాలు. “చేతిపై నరాలు ఉబ్బాయి” అన్నప్పుడు అది రక్తనాళం. “నరాల బలహీనత” అన్నప్పుడు నాడి. “మెడ నరం పట్టేసింది” అన్నప్పుడు బహుశా కండరమో, దాన్ని ఎముకతో కలిపే తంతువో. వాడుకలో ఇది దోషం కాదు. చర్మం పైనుంచి తడిమి చూసే చేతికి అన్నీ తాడులాగే తగులుతాయి. చర్మం విప్పిన తరువాతే అవి వేరువేరని తెలుస్తుంది. కాబట్టి శవచ్ఛేదన ఒకవిధంగా భాషాకర్మ కూడా. ఒకే మాట కింద ఉన్న మూడు వస్తువులను అది విడదీస్తుంది.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలకూ ఇటువంటి చరిత్రే ఉంది. సంహితలో మాంసపిండానికి పేరు ‘పేశి’. ‘కండర’ అంటే పెద్ద స్నాయువు. తెలుగు పాఠ్యగ్రంథాల్లో ‘కండరం’ అన్నది మాంసపిండానికే స్థిరపడింది. దేశ్యమైన ‘కండ’ దీనికి తోడ్పడి ఉండవచ్చు. నాభి నుంచి పుట్టేవిగా సుశ్రుతుడు చెప్పిన ‘ధమని’, 1628లో హార్వే రక్తప్రసరణను నిరూపించిన తరువాతి అర్థంలో, గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయే నాళమైంది. పాతమాట కొత్త అర్థాన్ని మోయడం అనువాదకుల సాహసం. అయితే ఆ మార్పును విద్యార్థికి చెప్పకపోతే, సంహితలో చదివిన ధమని, పాఠ్యపుస్తకంలోని ధమని ఒకటే అనుకునే ప్రమాదం ఉంది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పుస్తకాల ద్వారా ఈ పదజాలానికి స్థిరత్వం కల్పించింది. తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివిన విద్యార్థి వైద్యకళాశాల గడప దాటగానే అదే దేహాన్ని మరో భాషలో మొదటినుంచి నేర్చుకోవలసి వస్తున్నది. టైట్లర్ చెప్పిన రెట్టింపు భారం అతని భుజం దిగలేదు.

9. ముగింపు

2022 అక్టోబరులో భోపాల్‌లో శరీరనిర్మాణ, శరీరధర్మ, జీవరసాయన శాస్త్రాల తొలి ఏడాది వైద్యపుస్తకాలను హిందీలో విడుదల చేశారు. వాటిలో చాలా సాంకేతికపదాలను ఇంగ్లీషువే దేవనాగరి లిపిలో నిలిపారు. దీన్ని కొందరు ఆచరణీయమన్నారు, కొందరు అసంపూర్ణమన్నారు. ఈ చర్చలో ఇరుపక్షాలూ 1835కు ముందరి పదమూడేళ్ల కృషిని గుర్తుచేసుకోవడం అవసరం.

ఆ చరిత్ర నుంచి గ్రహించదగినవి మూడు. మొదటిది, 1835 నాటి ఎంపిక అనివార్యం కాదు. దేశభాషల్లో బోధించే వ్యవస్థ అప్పటికే పనిచేస్తున్నది, దాన్ని ఉత్తర్వుతో రద్దు చేశారు. రెండవది, మాటలు మాత్రమే చాలవు. శవచ్ఛేదన లేని 1822 నాటి బోధనకు అదే పరిమితి. మూడవది, చేయి మాత్రమే చాలదు. తాను తాకినదాన్ని తన భాషలో చెప్పలేని వైద్యుడు, ‘నరం’ లాగుతోందని వచ్చిన రోగి మాటను సగమే వినగలడు. మధుసూదన గుప్త ప్రత్యేకత ఆయన తొలిసారి కత్తి పట్టడంలో మాత్రమే లేదు. కత్తినీ, మాటనూ కూడా తన చేతిలోనే ఉంచుకోవడంలో ఉంది. తెలుగులో శరీరశాస్త్రం చెప్పదలచినవారికి ఆ రెండూ నేటికీ అవసరమే.