చీలమండ కట్టు

2004 ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో హెప్టాథ్లాన్ ఆడుతున్న జె.జె. శోభ జావలిన్ విసిరేటప్పుడు చీలమండ దెబ్బతిని పడిపోయింది. మైదానంలోంచి ఆమెని మోసుకుపోయారు. ఇంకేముంది, అయిపోయిందనుకుంటున్నప్పుడు కాలికి గట్టిగా కట్టు కట్టించుకుని తిరిగొచ్చి చివరిదైన 800 మీటర్ల పరుగు పూర్తిచేసింది. 6172 పాయింట్లు, 11వ స్థానం. కర్ణాటకలో పుట్టి సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఆ అమ్మాయి పట్టుదల గురించి ఎంతో చదివాను. ఆ కట్టు కట్టిన చేతులెవరివో మాత్రం నేను చదివినవాటిలో ఎక్కడా కనపడలేదు.

ఆ చేతుల పనికి అమెరికాలో ఒక పేరుంది, అథ్లెటిక్ ట్రైనర్. మన ఊళ్ళలో జిమ్‌లో బరువులెత్తించే ట్రైనర్ వేరు, ఆట నేర్పే కోచ్ వేరు. ఈవిడ మైదానం అంచున నిలబడుతుంది. దెబ్బ తగలకుండా శరీరాన్ని సిద్ధం చేస్తుంది, తగిలితే ముందుగా పరుగెత్తేది ఆమే. టేపు చుట్టాలా, ఆసుపత్రికి పంపాలా, మళ్ళీ ఎన్ని వారాలకి ఆడనివ్వాలి అన్నవి ఆమె చూసుకోవాల్సిన విషయాలు. కోచ్ 'ఆడించు' అంటే 'కుదరదు' అనగలగడం ఈ వృత్తికి ప్రాణం. కాబట్టే ఇది నైపుణ్యంతోపాటు అధికారం సమస్య కూడా. స్త్రీలకి ఆలస్యంగా అందింది ఆ రెండోదే.

1950లో కాన్సాస్ సిటీలో ఈ వృత్తివారి సంఘం పుట్టినప్పుడు అందులో ఉన్నది మగవాళ్ళు. డాట్ కోన్ అనే ఆమె తొలి మహిళా సభ్యురాలైంది 1966లో. విద్యాసంస్థల్లో ఆడామగా వివక్షని నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. షెర్రీ కోసెక్ బాబాజియన్ ఈ వృత్తి పరీక్ష రాసిన తొలి మహిళ అయ్యింది కూడా ఆ ఏడాదే. ఇవాళ ఆ సంఘంలో సగానికి పైగా స్త్రీలే. అయినా అమెరికా పెద్ద ప్రొఫెషనల్ లీగుల్లో ఒక జట్టుకి ఒక స్త్రీని ప్రధాన ట్రైనర్‌గా నియమించడానికి 2011 దాకా పట్టింది: లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు, స్యూ ఫాల్సోన్. చాకిరీ చేసే చోట మెజారిటీ, నిర్ణయం చేసే చోట ఒక్కరు. ఈ లెక్క మనకి కొత్తా!

మా కోనసీమకి వస్తాను. తొమ్మిదో తరగతిలో ఖోఖో ఆడుతూ కాలు మడతపడి కూలబడ్డాను. మా డ్రిల్లు మాస్టారు మంచివారే. కానీ 'ఎదిగిన' ఆడపిల్ల కాలు ఎలా పట్టుకుంటారు? నాలుగడుగుల దూరంలో నిలబడి, మంచినీళ్ళిచ్చే ఆయమ్మకి ఎలా తిప్పాలో చెప్పారు. ఆవిడ తనకి తోచినట్టు తిప్పింది. ఇంట్లో ఉప్పు కాపడం, ఆముదం, పసుపు పట్టు వేశారు. పది రోజులకి వాపు తగ్గింది కానీ, ఖోఖో మళ్ళీ ఆడలేదు. 'ఈ వయసులో గెంతులేమిటి' అన్న మాటే మాకు దొరికిన స్పోర్ట్స్ మెడిసిన్.

ఎవరు తాకవచ్చు అన్న ప్రశ్న మా జిల్లాలకి పాతదే. మగ వైద్యుడు స్త్రీ నాడి పట్టడానికి వీల్లేని ఇళ్ళున్నాయి కాబట్టే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరొచ్చింది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో రాజమండ్రిలో లూథరన్ మిషన్ స్త్రీలకి, పిల్లలకి ప్రత్యేకంగా ఆసుపత్రి కట్టింది. ఆ మేలు తక్కువది కాదు. అయితే ఆ ద్వారం గుండా వైద్యంలోకి ప్రవేశించిన స్త్రీ శరీరం ప్రధానంగా పురుడు పోసుకునే శరీరం. పరిగెత్తే, గెంతే, బరువులెత్తే శరీరం ఏ వార్డులోకి వస్తుంది? 1993లో ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ దేహంలో ఒక్కో అవయవం చుట్టూ అల్లుకున్న రాజకీయాన్ని చూపించాయి. ఆ వరసలో మోకాలిని కూడా చేర్చుకోవాలని నాకు ఈమధ్య అనిపిస్తోంది.

ఎందుకంటే మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగడం ఆడపిల్లల్లో, అవే ఆటలాడే మగపిల్లలకన్నా 2 నుంచి 8 రెట్లు ఎక్కువని పరిశోధనలు చెప్తున్నాయి. ఈ తేడా కొట్టొచ్చినట్టు కనపడేది యవ్వనం వచ్చాకే. కారణాల్లో శరీర నిర్మాణం, హార్మోన్లు ఉన్నాయి. గెంతి నేలమీద దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా కాపాడే కండరాల అలవాటూ ఉంది. ఈ చివరిదాన్ని నేర్పవచ్చు. 2006లో ఫిఫా తరఫున తయారైన '11+' వ్యాయామాల్లో ఒంటికాలి మీద నిలకడ, గెంతడం, మెత్తగా దిగడం ఉన్నాయి. అది చదువుతుంటే నవ్వొచ్చింది. ఒంటికాలి మీద గెంతి, గీత తొక్కకుండా, తూలకుండా ఆగడం. తొక్కుడుబిళ్ళ! బొగ్గుముక్కతో వీధరుగు ముందు గళ్ళు గీసుకుని మేము రోజూ చేసిందే. రెండూ ఒకటేనని కాదు. కానీ మా చేత ఆ ఆట మాన్పించింది సరిగ్గా పెద్దమనుషులయ్యాకే, అంటే మోకాలికి ఆ సాధన అవసరం మొదలయ్యే వయసులో.

ఇంకోవైపు, ఆటలు ఆడకపోయినా రోజంతా ఒళ్ళు వంచే స్త్రీలు డెల్టా నిండా ఉన్నారు. ఆనకట్ట పూర్తయిన 1852 తర్వాత ఈ పచ్చదనం విస్తరించింది వంగిన ఆడవాళ్ళ నడుముల మీద. బురదలో వెనక్కి అడుగులేస్తూ ఊడ్చే మనిషి నడుముకి, మోకాళ్ళకి ట్రైనర్ ఎవరు? 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. బడి మైదానంలో పరుగుకి నిలబడే పిల్ల ఈ ఇళ్ళలోంచే వస్తుంది. టేపు చుట్టేముందు ఆ పిల్ల పొద్దున ఏం తిన్నదో అడగాలి.

శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరిని సన్నగా ఉందని మొదట కాదన్నారు. తల్లి శ్యామల పట్టుబట్టి బరువుల దగ్గరికి తీసుకెళ్ళింది. 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఆమె ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ. ఆ తల్లి పనిని మనం త్యాగం అనేస్తాం. దాన్ని వృత్తి అని ఉంటే దానికి జీతం, సెలవు, 'వద్దు' అనే హక్కు ఉండేవి.

2022 జూన్‌లో స్పోర్ట్స్ అథారిటీ, క్రీడాకారిణులున్న జట్టు వెంట మహిళా కోచ్ తప్పనిసరిగా వెళ్ళాలని చెప్పింది. విదేశీ శిబిరంలో ఒక సైక్లిస్టు తన కోచ్ మీద ఫిర్యాదు చేశాక గానీ ఆ మాట రాలేదు. అదే ఏడాది ఆగస్టులో పి.వి. సింధు ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తోనే కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది, ఆ తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్‌కి దూరమైంది. మళ్ళీ పొగడ్తల్లో పట్టుదలే. ఆ నొప్పితో ఆడాలా వద్దా అన్నది ఎవరు, ఎలా తేల్చుకున్నారో తెలుసుకోవాలని నాకుంటుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా పక్కూరి హైస్కూలు మైదానంలో కబడ్డీ పిల్లలకి ఒక పీఈటీ టీచరు గెంతులు నేర్పిస్తోంది. సున్నంతో గళ్ళు గీసింది. టేపు కొనడానికి డబ్బుల్లేవట, పాత చీర అంచులు చింపి ఉతికి చుట్టలు చుట్టి పెట్టుకుంది. నా కాలి సంగతి చెప్తే చెప్పు విప్పమని, చీలమండ పట్టుకుని నొక్కి చూసి, 'ఇది అప్పుడే సరిగ్గా కట్టాల్సిందండీ' అంది.