అభినివేశం

'ఆయనకు ఛందస్సులో మంచి అభినివేశం ఉంది' అంటే తెలుగులో మెచ్చుకోలు. పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో ఇదే మాట క్లేశాల వరసలో కనిపిస్తుంది: అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం. అక్కడ దానికి అర్థం చావుభయం, బతుకును వదల్లేనితనం. పాండిత్యానికీ ప్రాణభయానికీ ఒకే పేరు ఎలా కుదిరింది?

దీని ధాతువు 'విశ్', లోపలికి పోవడం. ప్రవేశం, ఆవేశం, సమావేశం దీని సంతానమే. పట్టా కాగితాల్లో రాసే 'నివేశన స్థలం' కూడా అంతే: ఇల్లు కట్టుకుని స్థిరపడే చోటు. 'ని' చేరితే లోపలికెళ్లి కుదురుకోవడం, 'అభి' కూడా చేరితే అటే మొహం పెట్టి అందులోనే పాతుకుపోవడం. మనసు ఛందస్సులో అలా పాతుకుంటే పాండిత్యం వస్తుంది. 'ఇదే నేను' అనుకుంటూ దేహంలో పాతుకుంటే, ఎప్పుడు ఖాళీ చేయాల్సి వస్తుందోనన్న దిగులు పట్టుకుంటుంది.

ఆ అయిదు క్లేశాల్లో 'భయం' అన్న మాటే లేదు. పతంజలి భయం పైరూపాన్ని వదిలి దాని వేరును పేర్కొన్నాడు. 2.9 సూత్రంలో దీన్ని 'స్వరసవాహి' అన్నాడు, అంటే తన రసంతో తానే ప్రవహించేది. పండితుణ్ణి కూడా వదలదన్నాడు. అప్పుడే పుట్టిన పురుగుకూ ఇది ఉంటుందని ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం చెబుతుంది. మన వాళ్లు 'ప్రాణం మీద తీపి' అంటారే, ఆ తీపిలో ఉన్నదీ ఈ రసమే. బతుకు రుచి తెలిసిన ప్రతి జీవికీ భయం ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

మరి దారేది? తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం కలిసిన క్రియాయోగానికి పతంజలి చెప్పిన ఫలాల్లో ఒకటి క్లేశాల 'తనూకరణం', అంటే పలచన చేయడం. పైకి లేచే అలలు ధ్యానంతో అణుగుతాయి. లోపలి సూక్ష్మబీజం మనసు తన మూలంలో లయమైనప్పుడే పోతుంది. అది చాలా దూరపు మాట. పలచన చేసే పని మాత్రం ఇవాళే మొదలుపెట్టవచ్చు.

అర్ధరాత్రి ఫోను మోగిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఒంటి వణుకునూ, ఉచ్ఛ్వాస నిశ్వాసాల అలజడినీ చిత్తవిక్షేపానికి తోడుగా వచ్చేవని మొదటి పాదమే చెప్పింది. చిత్తం తేటపడే ఉపాయాల్లో ఒకటిగా ఊపిరిని బయటికి వదిలి నిలపడాన్ని 1.34లో సూచించింది. నెమ్మదిగా, పొట్ట లోపలికి పోయేదాకా ఊపిరి వదలండి. బలవంతంగా బిగబట్టకుండా ఒక్క క్షణం ఆగండి. భుజాలు దిగుతాయి. తరువాతి ఊపిరి పిలవకుండానే వస్తుంది. వదిలితే పోతుందనుకున్నది దానంతటదే వచ్చిందని ఒంటికి తెలుస్తుంది. పుస్తకం చదివితే అందే తెలివి కాదది.

భయం వేసినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. రోజూ కాసేపు కూర్చుని, ఊపిరి నిండుగా వదలడం సాధన చేయండి. ఛందస్సులో అభినివేశం ఏళ్ల అభ్యాసంతో పెరుగుతుంది. ప్రాణం మీది అభినివేశం పలచబడాలన్నా అంతే అభ్యాసం కావాలి.