కొండవాలులో ప్రజల గోల్ఫ్ మైదానం: కేప్ బ్రెటన్ హైలాండ్స్ లింక్స్ చరిత్ర

స్కాట్లండ్ తూర్పు తీరంలో, సముద్రానికీ సాగుభూములకూ నడుమ పడివున్న ఇసుక దిబ్బల మీద రూపుదిద్దుకున్న గోల్ఫ్ ఆటకు కొండవాలు సహజమైన చోటు కాదు. లింక్స్ అని పిలిచే ఆ తీరభూముల్లో వాననీరు వెంటనే ఇంకిపోతుంది, గడ్డి పొట్టిగా గట్టిగా పెరుగుతుంది, ఆటగాడికి గాలి తప్ప మరో పెద్ద ప్రత్యర్థి ఉండదు. కొండ చరియల్లో రాతి మీద పలచటి మట్టి పొర మాత్రమే ఉంటుంది. నీరు ఒకచోట మట్టిని కోసుకుపోయి మరొకచోట నిలిచిపోతుంది. కొట్టిన బంతి ఆగవలసిన చోట ఆగక పల్లానికి జారుతుంది. ఆటగాడు ఆయాసంతో నిలబడి గురి చూడవలసి వస్తుంది. అందువల్లనే బ్రిటిష్ మైదాన రూపశిల్పి అలిస్టర్ మెకెంజీ 1920లో వెలువరించిన ‘గోల్ఫ్ ఆర్కిటెక్చర్’ గ్రంథంలో మంచి మైదానానికి పదమూడు లక్షణాలు చెబుతూ, నేల తగినంత ఎగుడుదిగుడుగా ఉండాలే గాని కొండలెక్కే పని పెట్టకూడదనీ, ఒక అంకం ముగిసిన చోటినుంచి తరువాతి అంకం మొదలయ్యే చోటికి నడక తక్కువగా ఉండాలనీ నియమించాడు. ఇక్కడ అంకం అన్నది ఆటగాళ్లు ‘హోల్’ అని పిలిచే భాగం. బంతిని మొదటిసారి కొట్టే చదును చోటు టీ, గమ్యంగా నున్నగా కత్తిరించిన గడ్డిగద్దె గ్రీన్, ఆ రెంటినీ కలిపే బాట ఫెయిర్‌వే. గ్రీన్‌లోని గుంటలో బంతి పడితే ఒక హోల్ పూర్తవుతుంది, పూర్తి మైదానంలో అలాంటివి పద్దెనిమిది ఉంటాయి.

మెకెంజీ పెట్టిన ఆ రెండు నియమాలనూ సూటిగా ధిక్కరించి కూడా ప్రపంచపు మేటి మైదానాల సరసన చేరినది కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో, కేప్ బ్రెటన్ దీవి ఉత్తర భాగాన, ఇంగొనిష్ అనే ఊరి దగ్గర ఉన్న హైలాండ్స్ లింక్స్. అది ఏ క్లబ్బుకూ చెందినది కాదు, జాతీయోద్యానపు భూమిలో ప్రభుత్వ ధనంతో కట్టిన మైదానం. సభ్యత్వంతో పనిలేకుండా రుసుము చెల్లించిన ఎవరైనా అక్కడ ఆడవచ్చు. కొండవాలు మైదానాన్ని ఆడటం, దాని విలువ కట్టడం అనే రెండు విషయాలకూ దాని చరిత్ర మంచి ఉదాహరణ, ఎందుకంటే ఆ విలువను ఒకే తూనికతో తేల్చడానికి అది ఏనాడూ లొంగలేదు.

దాని రూపకర్త స్టాన్లీ థాంప్సన్ 1893లో పుట్టాడు, 1953లో మరణించాడు. అన్నదమ్ములు ఐదుగురూ గోల్ఫ్‌లో పేరు తెచ్చుకున్న కుటుంబం అది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి తిరిగివచ్చిన తరువాత అతడు మైదానాల నిర్మాణాన్ని వృత్తిగా తీసుకున్నాడు. రాకీ పర్వతాల నడుమ, రైల్వే కంపెనీల హోటళ్లకు అనుబంధంగా 1925లో తెరిచిన జాస్పర్ మైదానమూ, 1928లో తెరిచిన బాన్ఫ్ మైదానమూ అతడికి కీర్తి తెచ్చాయి. కొండను మైదానానికి అడ్డంకిగా కాక ఆటగాడి చూపుకు గమ్యంగా వాడుకోవడం అతడు అక్కడ నేర్చిన విద్య: టీ మీద నిలబడిన మనిషికి ఎదురుగా ఒక శిఖరం కనబడేలా హోళ్లను తిప్పడం, బంకర్ల అంచులను, అంటే ఇసుక నింపిన గుంటల అంచులను, వెనకనున్న పర్వతరేఖకు తగినట్టు మలచడం అక్కడినుంచే అతడి శైలి అయింది. అయితే ఆ మైదానాలు రైలు టిక్కెట్టూ హోటలు గదీ కొనగల సంపన్నుల కోసం ఉద్దేశించినవి, వాటికి ధనం పెట్టినది రైల్వేలు. హైలాండ్స్ లింక్స్‌కు వచ్చేసరికి ధనం ఖజానాది, కాలం ఆర్థిక మాంద్యానిది.

1930లో చేసిన కెనడా జాతీయోద్యానాల చట్టం ఆ భూములను ప్రజల ప్రయోజనానికీ విద్యకూ ఆనందానికీ అంకితం చేసింది. ఆనందమన్న మాటకు అధికారులు ఆనాడు చెప్పుకున్న అర్థంలో అడవీ వన్యమృగాలతో పాటు ఈత, టెన్నిస్, గోల్ఫ్ కూడా ఉన్నాయి. మోటారు కారులో వచ్చే మధ్యతరగతి కుటుంబాన్ని రెండు రోజులు ఆపగలిగితేనే పార్కు సఫలమని వారి లెక్క. కేప్ బ్రెటన్‌లో కొండలను చుట్టివచ్చే కాబట్ ట్రయిల్ రహదారి 1932లో పూర్తయింది, 1936లో జాతీయోద్యానం ఏర్పడింది. ఉపాధి కరువైన ఆ రోజుల్లో పార్కు పనులు స్థానికులకు కూలి దొరికే మార్గం కూడా అయ్యాయి.

ఈ చరిత్రలో ఏ ఆటగాడూ దాటవేయకూడని అధ్యాయం ఒకటుంది. పార్కుకు కావలసిన భూమిని రాష్ట్ర ప్రభుత్వం నిర్బంధంగా సేకరించి కేంద్రానికి అప్పగించింది. పడమటి తీరంలోని కాప్ రూజ్ అనే అకాడియన్ల ఊరు, అంటే ఫ్రెంచి మాట్లాడే పాత వలసదారుల ఊరు, ఖాళీ అయింది. ఇంగొనిష్‌లో చేపల వేటా చిన్నపాటి సేద్యమూ కలిపి బతుకుతున్న కుటుంబాలు పొలాలు పోగొట్టుకున్నాయి. వారికి ముట్టిన పరిహారం స్వల్పమన్న బాధ తరాల పాటు మిగిలింది. ఈనాడు పచ్చిక పరిచినట్టు కనబడే నేలలో కొంత భాగం ఒకప్పటి వారి పొలమే. ప్రజల మైదానం అన్న పేరు ఎంత గౌరవప్రదమైనదో, ఆ ప్రజల్లో కొందరు దాని కోసం ఊరు వదలవలసి వచ్చిందన్న నిజం అంత బరువైనది. ఆ బరువును తూకంలో వేయని ఏ అంచనా అయినా అసంపూర్ణమే.

మైదానం పేర్లలోనూ ఆనాటి రాజకీయం కనిపిస్తుంది. 1933లో నోవా స్కోషియా ప్రభుత్వాధినేత అయిన ఆంగస్ మెక్‌డొనాల్డ్ తన రాష్ట్రాన్ని స్కాటిష్ సంస్కృతికి నిలయంగా పర్యాటకులకు చూపాలని పట్టుదలగా శ్రమించాడు. ఈ ధోరణి ఎలా అల్లుకుందో చరిత్రకారుడు ఇయన్ మెకే తన రచనల్లో వివరంగా విమర్శించాడు. పద్దెనిమిది హోళ్లకూ స్కాట్ యాసలోనో, స్కాట్లండ్ చరిత్ర నుంచో పేర్లు పెట్టారు. మొదటిది ఎదురుగా కనబడే కొండ పేరున బెన్ ఫ్రేనీ, రెండవది స్కాట్ కవి బర్న్స్ కావ్యనాయకుడి పేరున టామ్ ఓ షాంటర్, ఏడవది 1689లో యుద్ధం జరిగిన కనుమ పేరున కిలీక్రాంకీ, ఇల్లు చేరామన్న అర్థంలో చివరిది హేమ్ నూ. ఇంగొనిష్‌వాసుల్లో చాలామంది స్కాట్ మూలాలవారు కారు, అంతకు ఎంతో ముందునుంచి ఆ దీవి మిక్‌మా అనే ఆదిమవాసి జాతి నేల. అయినా ఆ పేర్లు నిలిచాయి, ఆటగాళ్ల నోళ్లలో నాని మైదానపు స్వభావంలో భాగమయ్యాయి.

తొలుత తొమ్మిది హోళ్ల మైదానమే అనుకున్నారు. ఆ నేల పద్దెనిమిదికి తగినదని అధికారులను ఒప్పించినవాడు థాంప్సన్. సముద్రపు ఒడ్డున మొదలై, కొండ చరియ మీదుగా అడవిలోకి వెళ్లి, క్లైబర్న్ అనే ఏటి లోయలోకి దిగి, మళ్లీ సముద్రం వైపు తిరిగివచ్చే దారిని అతడు గీశాడు. హోళ్లను ఏ వరుసలో ఏ దిక్కుకు పోనివ్వాలో నిర్ణయించే ఈ పనిని రూటింగ్ అంటారు, కొండవాలులో రూపకర్త ప్రతిభకు గీటురాయి అదే. భారీ యంత్రాలతో నేలను కోసి చదును చేసే స్తోమత ఆనాడు లేదు, ఆ ఉద్దేశమూ అతడికి లేదు. మనుషులూ గుర్రాలూ చేసిన పని అది: ఏరివేసిన బండరాళ్లను దూరం మోయకుండా ఫెయిర్‌వేల్లోనే కుప్పలు పోసి, పైన మట్టి కప్పి గడ్డి వేశారు. ఆ మైదానానికి ప్రత్యేకమైన గుబ్బలూ అలలూ చాలావరకు అలా పుట్టినవే. ఖర్చు తగ్గించే ఉపాయమే ఆటకు అందం తెచ్చింది. 1941లో, రెండవ ప్రపంచ యుద్ధం సాగుతుండగా, మైదానం తెరుచుకుంది.

ఆడేవాడికి ఆ రూటింగ్ గొప్పతనం కాళ్లలో తెలుస్తుంది. మొదటి హోల్ కొండకు ఎదురుగా పైకి సాగుతుంది, రెండవది దిగుతూ సముద్రాన్ని చూపిస్తుంది, పొట్టిదైన నాలుగవది ఎత్తున కూర్చున్న గ్రీన్‌తో తప్పుగా కొట్టినవాణ్ణి తిప్పలు పెడుతుంది. ఐదు దెబ్బల్లో ముగించవలసిన కిలీక్రాంకీ, రెండు వైపులా అడవి మూసుకొచ్చిన ఇరుకు లోయలో అలలు అలలుగా సాగుతూ, బలం కన్నా ఓర్పునే ఎక్కువగా పరీక్షిస్తుంది. ఎక్కుడు నేలను థాంప్సన్ ముక్కలు ముక్కలుగా పంచాడు: కొంత దెబ్బకూ దెబ్బకూ నడుమ నడకలో, కొంత హోల్‌కూ హోల్‌కూ నడుమ విరామంలో. పన్నెండవ గ్రీన్ నుంచి పదమూడవ టీకి ఏటి ఒడ్డున చెట్ల కింద చాలా దూరం నడవాలి. మెకెంజీ నియమం ప్రకారం ఇది దోషం. కాని మొత్తం పది కిలోమీటర్ల పైచిలుకు సాగే ప్రయాణంలో ఆ నడక ఆటగాడి ఊపిరిని కుదురుపరుస్తుంది, లోయ నుంచి తీరానికి మలుపు తిప్పుతుంది. కొండవాలులో ఆ దూరాన్ని మిగల్చాలంటే రెండు హోళ్లను ఏటవాలులోకి బలవంతంగా నెట్టాలి. కాబట్టి నియమాన్ని పాటించడం కన్నా మీరడమే అక్కడ సరైన పని అయింది.

మైదానాన్ని అంకెల్లో అంచనా వేసే పద్ధతి వేరే చరిత్ర. నిపుణుడు ఒక హోల్‌ను ఎన్ని దెబ్బల్లో ముగించాలో చెప్పే సంఖ్య పార్. హైలాండ్స్ లింక్స్ మొత్తం పార్ 72. పార్ దాదాపుగా దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది కనుక, సమతలంలోని 400 గజాలకూ ఎక్కుడులోని 400 గజాలకూ అది తేడా చూపదు. ఆ లోటు తీర్చడానికి కోర్స్ రేటింగ్ వచ్చింది. పార్‌కు దగ్గరగా ఆడగల నిపుణుడు, అంటే స్క్రాచ్ ఆటగాడు, మామూలు పరిస్థితుల్లో ఆ మైదానంలో సాధించగల స్కోరును అది దశాంశంతో సహా చెబుతుంది. ఎత్తుపల్లాలూ, గాలీ, వంపులూ, సముద్రమట్టానికి చాలా ఎత్తున ఉంటే పలచటి గాలిలో బంతి ఎక్కువ దూరం పోవడమూ దాని లెక్కలో చేరతాయి. అయినా అది నిపుణుడి కొలతే. బహిరంగ మైదానానికి వచ్చేవారిలో అత్యధికులు నిపుణులు కారు.

సామాన్య ఆటగాడిని కొలతలోకి తెచ్చినవాడు అమెరికన్ నౌకాదళానికి చెందిన డీన్ నూత్. 1970ల్లో మాంటెరే నగరంలోని నౌకాదళ విద్యాసంస్థలో చదువుతుండగా అతడు పెంచిన ఆలోచన స్లోప్ రేటింగ్‌గా రూపుదిద్దుకుంది. సుమారు 20 దెబ్బల హ్యాండిక్యాప్ ఉన్న, అంటే నిపుణుడి కన్నా దాదాపు అన్ని దెబ్బలు ఎక్కువ తీసుకునే బోగీ ఆటగాడికి ఆ మైదానం ఎంత కష్టమో విడిగా లెక్కగట్టి, ఆ స్కోరు నుంచి నిపుణుడి రేటింగ్‌ను తీసివేసి, వచ్చిన తేడాను పురుషులకు 5.381తో, స్త్రీలకు 4.240తో హెచ్చిస్తారు. నిపుణుడికి 72, సామాన్యుడికి 93 అయితే స్లోప్ 113, అది ప్రామాణికం; నిపుణుడికి అదే 72 ఉండి సామాన్యుడికి 97 అయితే స్లోప్ 135. అంటే నిపుణుడికి ఒకేలా తోచే రెండు మైదానాలు సామాన్యుడికి ఒకటి కాదని ఆ సంఖ్య చెబుతుంది. ఈ పద్ధతిని 1982లో మొదట పరీక్షించినది రాకీ పర్వతాల రాష్ట్రమైన కొలరాడోలో. స్లోప్ అంటే నేల వాలు కాదు, రెండు స్కోర్ల నడుమ రేఖ వాలు. కాని నేల వాలు ఎక్కువైన చోట సామాన్యుడి దెబ్బ ఎక్కువగా దారి తప్పుతుంది కనుక కొండ మైదానాల్లో ఆ సంఖ్య తరచు పెద్దదిగానే వస్తుంది. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం దాన్ని అంతర్జాతీయ ప్రమాణం చేసింది.

భారతీయ పాఠకులకు పోల్చుకోవడానికి హిమాలయాల్లో రెండు మైదానాలు ఉన్నాయి. సిమ్లా దగ్గరి నాల్దేరా వైస్రాయ్ కర్జన్‌కు ఎంత ఇష్టమైనదంటే 1904లో పుట్టిన కూతురికి ఆ పేరు కలిపాడు. సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్ మైదానం కూడా ఎండలు భరించలేని బ్రిటిష్ అధికారుల విడిది నుంచే పుట్టింది. ఆ రెండూ పాలకుల వేసవికి కట్టినవి, ప్రజలకు తరువాత తెరుచుకున్నవి. హైలాండ్స్ లింక్స్ పునాది నుంచే బహిరంగం. తేడా అక్కడ ఉంది.

అంకెలు చెప్పలేనివి ఆ మైదానంలో కాలంతో మారాయి. జాతీయోద్యానంలో చెట్టు కొట్టడం తేలిక కాదు, కనుక అరవై ఏళ్లలో అడవి నలువైపుల నుంచి ముందుకు జరిగింది. ఫెయిర్‌వేలు సన్నబడ్డాయి, సముద్రమూ ఫ్రేనీ కొండా కనబడవలసిన చోట కొమ్మలు అడ్డం వచ్చాయి, ఎండా గాలీ సోకక గ్రీన్లలో గడ్డి చచ్చింది, థాంప్సన్ బంకర్లు కొన్ని ఆకారం కోల్పోయాయి. ఇరుకైన బాట స్కోరును పెంచుతుంది కాబట్టి ఈ క్షీణతను రేటింగ్ కష్టంగా లెక్కవేయగలదే గాని నష్టంగా లెక్కవేయలేదు. ఇయన్ ఆండ్రూ అనే కెనడియన్ రూపశిల్పి ఆధ్వర్యంలో 2010 ప్రాంతంలో జరిగిన పునరుద్ధరణలో గ్రీన్ల చుట్టూ చెట్లు తొలగించి, పాత ఫొటోల ఆధారంగా బంకర్లను తిరిగి తీర్చారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే పార్కుల సంస్థ నిర్వహణ బాధ్యతను ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చింది. భూమి ఇప్పటికీ జాతీయోద్యానానిదే, ఆట ఇప్పటికీ అందరికీ తెరిచే ఉంది. కాని మైదానాన్ని పోషించే భారం ఖజానా నుంచి రుసుము చెల్లించే ఆటగాడి మీదికి మారింది.