ఐర్లండు దేశపు అవిసెనార నేఁతగాండ్రు

మగ్గము మన కులమువారి సొత్తే యని తలంచువారు మనలోఁ గొందఱు గలరు. ఇంగ్లండునకుఁ బడమట నున్న ఐర్లండు ద్వీపమున, ముఖ్యముగా ఉత్తరమున నున్న అల్స్టరు సీమలో, ఒకప్పుడు పల్లెపల్లెను మగ్గ మాడినది. ఆ చరిత్రమును మహాసభకు విచ్చేసిన కులబాంధవుల యెదుట నుంచుట యుచితమని మేము తలంచితిమి. అచ్చట నేఁతకు వేఱుగ నొక కులము లేదు. కొలఁది భూమిని కౌలునకుఁ గొన్న రైతే నేఁతగాఁడు.

ఐర్లండు ఉన్నివస్త్రములు ఇంగ్లండునకుఁ దప్ప మఱి యే దేశమునకును బోరాదని 1699 లో ఇంగ్లండు పార్లమెంటు చట్టము చేసెను. ఉన్నినేఁత కట్టువడఁగా నారనేఁతకు ప్రోత్సాహము లభించెను. 1711 లో డబ్లినునం దేర్పడిన నారవస్త్రముల బోర్డు 1828 వఱకు ఈ వృత్తిని బర్యవేక్షించినది.

మనము గింజలకై పండించు అవిసెయే వారికి నార నిచ్చెడిది. దానిని కొడవలితోఁ గోయక వేళ్లతోఁ బెఱికెడివారు. కోసినచో నార పొడవు తగ్గును. కట్టలు కట్టి గుంటనీటిలో ముంచి, పైన ఱాళ్లు పెట్టి, పదిదినములో పండ్రెండుదినములో నాననిచ్చెడివారు. ఆ కంపు ఊరంతయు నావరించెడిది. పిదప గడ్డిపైఁ బఱచి యెండఁబెట్టి, కొయ్యకత్తులతోఁ గొట్టి, ఇనుపదువ్వెనలతో దువ్వి నార తీసెడివారు. స్త్రీలు వ్రేళ్లు తడుపుకొనుచు రాట్నముపై వడికిరి. పిల్లలు కండెలు చుట్టిరి. పురుషులు పడుగునకుఁ బిండిగంజి పెట్టి నేసిరి. మగ్గపుగది మట్టినేల చెమ్మగా నుండవలెను. ఎండిన నారపోగు తెగును. గుంటమగ్గమునఁ గూర్చుండువారి కీసంగతి వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

నేసిన పచ్చిబట్టను భుజముపై వైచికొని సంతకుఁ బోయి, నేఁతగాఁడు వర్తకునితో బేరమాడి రొక్కము పుచ్చుకొనెడివాఁడు. వర్తకులు దానిని పచ్చికబయళ్లపై నెలల తరబడి పఱచి తెల్లఁబఱచిరి. ఆ బయళ్లనుండి బట్ట దొంగిలిన వానికి ఉరిశిక్ష విధింపవచ్చును. అంతటి శిక్షకు వెఱచి జూరీలు నేరస్థుల నే విడిచిపెట్టుచుండుటచేఁ, దెల్లఁబఱచు వర్తకులే యా శిక్షను దీసివేయుఁడని వేఁడుకొనిరి. 1811 లో నది రద్దయ్యెను.

నార తన పొలముది, నూలు తన యింటిది. కావుననే సంతలో నాతని మాటకు విలువ యుండినది. 1825 లో ప్రెస్టను వాసియగు జేమ్సు కే నారను నీటిలో నానఁబెట్టి యంత్రముతో సన్ననూలు వడుకు పద్ధతిని గనిపెట్టెను. బెల్ఫాస్టునందు మల్హాలండు వారి ప్రత్తిమిల్లు 1828 లోఁ గాలిపోఁగా, దానిని మరల గట్టి 1830 నుండి నారనూలు తీయసాగిరి. మగ్గముకంటె ముందు పోయినది రాట్నము. ఇంటి యాడువారి సంపాదన మొదట నంతరించెను. పిదప నేఁతగాఁడు మిల్లునూలు పంచు వ్యాపారికిఁ గూలివాఁడయ్యెను. సావుకారు పడుగునకు నేయు మనవారికి ఈ కథ యెఱుఁగనిది కాదు. 1845 మొదలు వచ్చిన మహాక్షామము పల్లెలను బాడుచేసెను. 1850 తరువాత మరమగ్గములు వ్యాపించెను. పూలనేఁత మాత్రము కొంతకాలము చేతిమగ్గమున నిలిచినది.

ఒక్కసంగతి చెప్పక విడువఁజాలము. రాట్నమునకుఁ గాలము తీఱుటకు ముప్పదియేండ్ల ముందు, 1796 లో, అవిసె విత్తినవారికి బోర్డువారు బహుమానము లిచ్చిరి: ఎకరములో నాలుగవ వంతునకు ఒక రాట్నము, ఐదెకరములకు ఒక మగ్గము. ఆ జాబితాలో దాదాపు 60,000 పేర్లు గలవు. సముద్రము దాఁటి అమెరికాకును ఆస్ట్రేలియాకును వలసపోయిన వారి సంతతివారు నేఁటికిని తమ తాతల పేర్లను, వారికి ముట్టిన రాట్నముల లెక్కను అందు వెదకికొనుచున్నారు.