చిత్తం

తెలుగు క్రైస్తవుల నోట "ప్రభువు చిత్తమైతే" చాలా మామూలు మాట. కూటం తేదీ చెప్పినా, పిల్ల పెళ్లి సంగతి ఎత్తినా, ఉద్యోగం మారదామనుకున్నా ముందు అది పడాల్సిందే.

దీని మూలం యాకోబు పత్రిక 4వ అధ్యాయం. ఫలానా పట్టణానికి వెళ్లి, ఏడాది వ్యాపారం చేసి, లాభం గడిస్తామని లెక్కలేసుకునే వాళ్లను యాకోబు అక్కడ మందలిస్తాడు. వెళ్లొద్దనడు, వ్యాపారం మానమనడు. రేపు మీ చేతిలో లేదు, "ప్రభువు చిత్తమైతే" అని చెప్పుకోండి అంటాడు, అంతే.

సంస్కృతంలో 'చిత్' అంటే ఎరగడం, గ్రహించడం. చిత్తమంటే మనసు. పతంజలి యోగసూత్రాల్లో అది అదుపులో పెట్టాల్సిన మనసు. "చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద" అన్న సామెతలోనూ మనసే. అయితే తెలుగువాడు దొర ముందు నిలబడి "చిత్తం" అన్నాడంటే, తమరి ఇష్టమే నాకు ఆజ్ఞ అని. పరలోక ప్రార్థనలో గ్రీకు 'థెలేమా', అంటే ఇష్టం, తెలుగులో చిత్తమైంది. ఇష్టంతోపాటు అధికారమూ పలికే మాట ఇది. ఉత్త 'ఇష్టం' అని ఉంటే సగం బరువు పోయేదని నాకనిపిస్తుంది.

వాడుకలో ఒక పేచీ ఉంది. చదవకుండా పరీక్ష తప్పి, "అంతా దేవుని చిత్తం" అనేస్తారు కొందరు. కానీ యాకోబు మాట జరిగిపోయినదాని గురించి కాదు, జరగబోయేదాని గురించి. గెత్సేమనే తోటలో యేసు కూడా "నీ చిత్తమే" అని సిలువకు ముందే అన్నాడు, అదీ తన కోరికేమిటో దాచుకోకుండా చెప్పాక.