తుమ్ములకు మందు కొండ మకాం

ఏటా ఒకే కాలంలో వచ్చి, కొన్ని వారాలపాటు వేధించి, తమంతట తామే తగ్గిపోయే తుమ్ములకూ కళ్ళ దురదకూ 19వ శతాబ్దపు వైద్యుల దగ్గర నమ్మదగ్గ మందు లేదు. నిజంగా పనిచేసిన ఉపాయం ఒక్కటే: ఆ రోజుల్లో ఊరు విడిచి పోవడం. ఈ ఒక్క ఉపాయాన్ని నమ్ముకుని అమెరికా ఈశాన్య మూలన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పెద్ద వ్యాపారమే నడిచింది. వైట్ మౌంటెన్స్ కొండల్లోని బెత్లెహెం అనే చిన్న ఊరు దానికి రాజధాని.

ఈ జబ్బును మొదట పద్ధతిగా వర్ణించినవాడు లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్. 1819 మార్చిలో అక్కడి వైద్య సంఘం ముందు ఆయన ఒక రోగి వృత్తాంతం చదివాడు. జూన్ మధ్యకల్లా కళ్ళు ఎర్రబడి నీరు కారడం, తుమ్ము మీద తుమ్ము రావడం, ఛాతీ బిగుసుకుని ఆయాసపడటం, కొన్ని వారాలకు అన్నీ సర్దుకోవడం, ఎనిమిదో ఏటి నుంచీ ఇదే వరస. ఆ రోగి బోస్టాకే. నెత్తురు తీయించుకున్నాడు, విరేచనాల మందు తాగాడు, నల్లమందు, పాదరసం, చన్నీళ్ళ స్నానాలు, ఏదీ వదల్లేదు. కాస్త తెరిపి దొరికింది మాత్రం రామ్స్‌గేట్ సముద్రతీరాన మకాం పెట్టినప్పుడే. తొమ్మిదేళ్ళు వెతికినా ఆయనకు దొరికిన కేసులు 28. పల్లె జనం కోసి ఆరబెట్టిన గడ్డిదే తప్పన్నారు, హే ఫీవర్ అని పిలిచారు. బోస్టాక్ ఒప్పుకోలేదు, ఎండ వేడిమే కారణమన్నాడు. జనం మాటే నిజానికి దగ్గరగా ఉంది. ఈలోగా డబ్బున్నవాళ్ళు కారణం తేలేదాకా ఆగలేదు. డెవన్‌షైర్ డ్యూక్‌ను ఈ జబ్బు ఏటా లండన్ నుంచి రేవు పట్టణాలకు తరుముతోందని 1827లో పత్రికలు రాశాయి.

కారణం తేల్చినవాడు మాంచెస్టర్ హోమియో వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. 1873లో అచ్చయిన ఆయన పుస్తకంలోని ప్రయోగాల్లో చాలావరకు తన ఒంటి మీద చేసుకున్నవే. చేతి మీద చర్మం కొద్దిగా గీరి, తడిపిన గడ్డి పుప్పొడి అద్దితే అక్కడ దద్దురు లేచింది. గాలిలో ఎంత పుప్పొడి తేలుతోందో లెక్కించడానికి గాజు పలకలకు జిగురు పూసి ఆరుబయట పెట్టాడు. అంతటితో ఊరుకోక, వాటిని గాలిపటాలకు కట్టి వెయ్యి అడుగుల పైకి ఎగరేశాడు. నేల దగ్గరకన్నా పైనే ఎక్కువ పుప్పొడి దొరికింది. పొలం కనుచూపు మేరలో లేని నగరంలోనూ మనుషులు ఎందుకు తుమ్ముతున్నారో దాంతో తెలిసింది.

అమెరికాలో గడ్డి పూత కాలం కన్నా పెద్ద గండం ఆగస్టు మధ్య నుంచి మొదలయ్యేది. హార్వర్డ్ వైద్యాచార్యుడు మోరిల్ వైమన్‌కూ, ఆయన ఇంట్లో మరికొందరికీ ఈ బాధ ఉండేది. వైట్ మౌంటెన్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తుమ్ము రాలేదు. అప్పుడు వైమన్ తమ ఊరి నుంచి రాగ్‌వీడ్ అనే కలుపు మొక్కను పూతతో సహా పొట్లం కట్టించి కొండ మీదికి తెచ్చాడు. పొట్లం విప్పి తానూ కొడుకూ వాసన చూస్తే, చల్లని కొండగాలిలోనే ఇద్దరికీ తుమ్ములు మొదలయ్యాయి. 1872లో వెలువడిన ఆయన పుస్తకంలో ఈ జబ్బు సోకని ప్రాంతాల పటాలు కూడా ఉన్నాయి. ఆ పటాలే హోటళ్ళవాళ్ళకు ఉచిత ప్రకటనలయ్యాయి.

రాగ్‌వీడ్ రోడ్ల పక్కనా, రైలు కట్టల మీదా, తవ్విపోసిన మట్టిలోనూ మొలుస్తుంది. పూలు ఆకుపచ్చగా ఉండి కంటికి ఆనవు. ఒక్క మొక్క ఒక సీజన్లో వంద కోట్ల దాకా పుప్పొడి రేణువులు వదలగలదు. అదే వేళకు పక్కనే గోల్డెన్‌రాడ్ పసుపుపచ్చగా విరగబూస్తుంది. దాని పుప్పొడి బరువైనది, కీటకాలు మోయాల్సిందే తప్ప గాలికి ఎగరదు. అయినా నింద చాలాకాలం దాని మీదే పడింది.

బెత్లెహెం సముద్ర మట్టానికి 1,400 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. అమెరికా హే ఫీవర్ సంఘం 1874లో పుట్టింది అక్కడే. ఆగస్టు మూడో వారానికి బోస్టన్, న్యూయార్క్ నుంచి ట్రంకు పెట్టెలతో కుటుంబాలు దిగేవి. గడ్డకట్టే తొలి మంచు కురిసి రాగ్‌వీడ్ మాడిపోయిందని కబురందాక తిరుగు ప్రయాణం. మంచి రోజుల్లో ఆ ఊళ్ళో 30 దాకా హోటళ్ళుండేవి. దగ్గర్లోని ట్విన్ మౌంటెన్ హౌస్ హోటల్‌కు ఏటా వచ్చే పేరుమోసిన మతబోధకుడు హెన్రీ వార్డ్ బీచర్ కూడా హే ఫీవర్ రోగే. ఆదివారాలు డేరాలో ఆయన చేసే ప్రసంగం వినడానికి జనం రైళ్ళలో వచ్చేవారు.

ఈ జబ్బు రావడం కొందరికి గొప్ప. న్యూయార్క్ నరాల వైద్యుడు జార్జ్ బియర్డ్ 1876లో దీన్ని సున్నితమైన నరాలున్న చదువుకున్నవారి రోగంగా తీర్మానించాడు. పుప్పొడిలోనే బతికే రైతుకు రాకుండా పట్నపు దొరలకు రావడం ఆ వాదానికి ఊతమిచ్చింది. నెల, నెలన్నర పని మానుకుని హోటల్లో కూర్చోగలిగినవాళ్ళే రోగుల జాబితాకెక్కారు. కూలీ తుమ్మితే జలుబనే అనుకున్నారు. ఆ కాలపు లెక్కలను ఈ సంగతి గుర్తుంచుకునే చదవాలి.

ఊరు వదల్లేనివారికి మొక్కల నుంచి తీసిన మందులు కొన్ని ఉండేవి. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ సింకోనా బెరడు నుంచి తీసే క్వినైన్‌ను నీళ్ళలో కలిపి, తల వాల్చి వెల్లకిలా పడుకుని ముక్కులో పోసుకునేవాడు. జబ్బుకు ముక్కులోని సూక్ష్మజీవులే కారణమన్న ఆయన ఊహ తప్పు. తనకు గుణమిచ్చిందని మాత్రం ఆయన చెప్పుకున్నాడు. ముక్కు కడుక్కోవడం వల్లనే కొంత మేలు జరిగి ఉండవచ్చు. ఉప్పునీటితో ముక్కు కడుక్కోమని నేటి వైద్యులూ చెబుతున్నారు, కాకపోతే కాచి చల్లార్చిన నీటితో.

కొండ విడిది ఫలించింది ఓజోన్ వల్లనో కొండగాలి మహిమ వల్లనో కాదు, అక్కడ రాగ్‌వీడ్ లేకపోవడం వల్ల. ఆ లేమిని చెడగొట్టింది విడిదికి వచ్చిన జనమే. రైలు మార్గం వేయడానికీ, హోటళ్ళు కట్టడానికీ కొండ తవ్వారు. బయటి నుంచి గుర్రాలకు మేత వచ్చింది. మేతతోపాటు కలుపు విత్తనాలూ వచ్చాయి. రోడ్ల పక్కన రాగ్‌వీడ్ పీకించమని హే ఫీవర్ సంఘం ఊరి పెద్దల వెంటపడాల్సి వచ్చింది.

కొండకు పోవాల్సిన అవసరం 20వ శతాబ్దంలో మెల్లగా తగ్గింది. లండన్‌లో లెనార్డ్ నూన్ 1911లో పుప్పొడి సారాన్ని సూదిమందుగా కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటిని అలవాటు చేసే పద్ధతిని ప్రకటించాడు. 1946లో బెనడ్రిల్ అమెరికా మందుల షాపులకెక్కాక రైలు టికెట్టు కన్నా మాత్ర చవకైంది. అదే ఏడు న్యూయార్క్ నగరం ఖాళీ స్థలాల్లోని రాగ్‌వీడ్ మీద 2,4-డి కలుపు మందు చల్లించింది. గాలికి కొట్టుకొచ్చే పుప్పొడికి నగర సరిహద్దులు పట్టవు కాబట్టి తుమ్ములు ఆగలేదు. బెత్లెహెంకు మాత్రం న్యూయార్క్ యూదు కుటుంబాలు ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి. పొడిగాలి కోసం రోగులు తరలిపోయిన ఆరిజోనాలోని టూసాన్ కథా బెత్లెహెం దారినే నడిచింది. నీడ కోసం నాటిన మల్బరీ, ఆలివ్ చెట్ల పుప్పొడి పెరిగిపోయి, 1980ల మధ్యలో వాటి అమ్మకాన్నే నిషేధించాల్సి వచ్చింది.

తెలుగు నేలకు రాగ్‌వీడ్ బెడద లేకపోయినా దాని దగ్గరి చుట్టం ఉంది. పొలం గట్ల మీదా బీళ్ళలోనూ తెల్లటి చిన్న పూలతో ఒత్తుగా పెరిగే వయ్యారిభామ, అంటే పార్థీనియం, ఆ జాతికి దగ్గరిదే. 1950ల మధ్యలో పుణేలో కంటబడిన ఈ అమెరికా మొక్క దేశమంతా పాకింది. దీని పుప్పొడి తుమ్ములు తెప్పిస్తుంది, ఆకు తగిలితే కొందరికి చర్మం పొక్కుతుంది. దీన్నుంచి తప్పించుకోవడానికి వెళ్ళదగ్గ కొండ ఊరేదీ లేదు. మొలిచిన నెలా నెలన్నరకే పూతకొస్తుంది కనుక, అంతకుముందే చేతికి తొడుగు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేళ్ళతో సహా పీకేయాలి.