రేవును పూడ్చిన బురద

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దాటాక దిగండి. టికెట్టు తీసుకుని కోరంగి మడ అడవిలోకి నడిస్తే చెక్క వంతెన మొదలవుతుంది. నాలుగడుగులు వేసేసరికి లారీల హోరు వెనకబడి, ఉప్పూ కుళ్లిన ఆకులూ కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది. మొదట మొహం చిట్లిస్తారు. కాసేపటికి అలవాటైపోతుంది.

కటకటాల మీద నుంచి వంగి చూడండి. ఇది పాటు సమయం, నీళ్లు వెనక్కి తీశాయి. నల్లటి బురద నిండా వేలెడేసి వేర్లు నిటారుగా పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు. అందుకే మడచెట్టు వేరు బయటికొచ్చి ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య ఒంటి కన్నా డెక్కే పెద్దదైన పీత ఒకటి దాన్ని ఎత్తి ఎత్తి చూపిస్తోంది, ఆడపీత కోసం. పక్కనే చేప నీళ్లు లేకుండానే గెంతుతోంది. ఆ తిల్లచెట్టు ఆకు మాత్రం తుంచకండి, పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

1978లో అభయారణ్యమైన ఈ 235 చదరపు కిలోమీటర్లలో నీటికుక్కలున్నాయి, బావురుపిల్లులున్నాయి. రాత్రిళ్లు చేపల వేటకు తిరిగే బావురుపిల్లి పట్టపగలు కనబడుతుందని ఆశపడకండి. బురదలో దాని అడుగులు దొరికితే అదే గొప్ప.

అడవికి పేరిచ్చిన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి ఎంతమంది రంగూన్ వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1789లో ఒక తుపాను, 1839 నవంబరులో మరొకటి ఈ రేవును ముంచేశాయి. కోరంగి కథ చెప్పేవాళ్లు తుపానుల దగ్గరే ఆగుతారు. నా అనుమానం మాత్రం మీ కాళ్ల కిందున్న ఈ బురద మీదే. గోదారి ఏటా వరదల్లో తెచ్చి పోసిన ఒండ్రు ఓడలకు లోతు లేకుండా చేసింది. ఆ ఒండ్రులోనే మడ పాతుకుంది. అవతల కాకినాడ తీరానికి అడ్డుగా పొడుగ్గా సాగిన హోప్ ఐలాండ్ కూడా గోదారి ఇసుకే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి.

ఆ దీవిని చూడాలని పడవ దగ్గరికి వెళ్తారు. సరంగు కాలవకేసి చూసి తల అడ్డంగా ఊపుతాడు.

"ఇప్పుడు తీస్తే మధ్యలో దిగబడిపోద్దండి. పోటెక్కనివ్వండి, ఎల్దాం."


ఓడలు నడిచిన చోట మీ చిన్న పడవకు నీళ్లు చాలడం లేదు. గట్టున కూర్చోండి, ఇంకా టైముంది.